అంటు చేతులు

మొన్న శనివారం మా క్వార్టర్ల ప్రహరీ వెంట కాలువ తవ్వేవాళ్లు ఒక జిల్లేడు పొదను నరికి రోడ్డు పక్కన పడేశారు. డ్యూటీకి నడిచి వెళ్తున్నదాన్ని ఆ వాసనకు ఆగిపోయాను. జిల్లేడు పువ్వుకు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. నరికిన కొమ్మకు ఉంటుంది. పచ్చిగా, కాస్త చేదుగా, గొంతు వెనక తగిలే వాసన. తెగిన చోట్ల నుంచి పాలు కారి దుమ్ములో చిన్న చిన్న ఉండలు కట్టాయి. పనివాళ్లలో ఒకామె ఆ కొమ్మలను ఒట్టి చేతులతో ఎత్తి వేస్తూ, మధ్యలో నుదుటి మీది చెమట తుడుచుకోబోయింది. "అమ్మా ఆగు! ఆ చెయ్యి మొహానికి తగలనియ్యకు" అని అరిచాను. ఆమె బెదిరి చెయ్యి దించింది. "ఏమైతది? మంట గిట్ల లేదు గద" అంది. మంట లేకపోవడమే దాని గుణమని చెప్పి, ఆమె పంపు దగ్గర చేతులు కడుక్కునేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ రోజు డ్యూటీకి ఆలస్యమైంది.

జిల్లేడు పాల గుణం నాకు నేర్పినామె బాలమణమ్మ. పోయిన చలికాలం చనిపోయింది. ఆమెను చూడని వాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే చేతుల దగ్గర మొదలుపెట్టాలి.

పద్నాలుగేళ్ల కిందట పాతబస్తీ వైపు, జహనుమాలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అప్పటికి మా అమ్మ పోయి ఎనిమిది నెలలు. నాన్న అంతకు చాలా ముందే పోయాడు. కంచన్‌బాగ్‌లో ఒక కర్మాగారం డిస్పెన్సరీలో చీటీలు రాసే ఉద్యోగం కొత్తగా వచ్చింది. అమ్మ లేని ఇంట్లో ఉండలేక, ఎవరూ నన్నెరగని చోట ఉందామని ఆ గది చూసుకున్నాను. ఒకే వాకిలికి ఎదురెదురుగా రెండు గదులు. ఒకటి నాది, రెండోది ఇంటి యజమానురాలిది. సామాను దింపుకున్న మర్నాడు శుక్రవారం. పొద్దున్నే గేటు బయట నుంచి గొంతు వినిపించింది.

"లోపల ఎవరన్న ఉన్నరా? జర గొళ్లెం తియ్యుండ్రి."

తీశాను. ఇంటి యజమానురాలు బాలమణమ్మే. యాభై అయిదేళ్ల మనిషి, మోచేతి మడతలో వెదురు బుట్ట తగిలించుకుని, రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడి ఉంది. బుట్ట తీసుకుందామని నేను చెయ్యి చాచబోతే వెనక్కి జరిగింది.

"ముట్టకు బిడ్డా. నా చేతులు అంటు."

అంటు అంటే నాకు తెలిసింది చావు మైల ఒకటే. "అయ్యో, ఎవరైనా పోయారా?" అని అడిగాను.

ఆమె నన్ను ఒక క్షణం చూసి పకపకా నవ్వింది. "పొద్దుపొద్దున్నే మంచి మాట అడిగినవ్ పో! ఎవ్వరు పోలే. జిల్లేడు తెంపుకొచ్చిన. చేతుల నిండ పాలున్నయి, గందుకే అంటు."

అది ఆమె పెట్టుకున్న పద్ధతి. మంగళవారం, శనివారం హనుమంతుడికి జిల్లేడు పూల దండ వేస్తారు. చౌరస్తా దగ్గరి గుడికి ఆ దండలు ఇచ్చేది బాలమణమ్మే. సోమవారం, శుక్రవారం తెల్లవారగానే రైలు పట్టాల పక్కనున్న ఖాళీ జాగాకు వెళ్లి పూలు తెంపేది. తెంపేటప్పుడైనా గుచ్చేటప్పుడైనా, మొదటి పువ్వు ముట్టిన క్షణం నుంచి ఆ పని అయిపోయి చేతులకు నూనె రాసి, కుంకుడు రసంతో రెండుసార్లు కడుక్కునేదాకా ఆమె చేతులు అంటు. ఆ చేతులతో గొళ్లెం ముట్టదు, మంచినీళ్ల బిందె ముట్టదు, ముఖ్యంగా తన మొహం ముట్టదు. దండలు గుచ్చడం మళ్లీ సాయంత్రం, ఎండ దిగాక. పొద్దున తెంపిన పూలను రెండు బకెట్ల నీళ్లలో ఒకదాని తర్వాత ఒకటి ముంచి, తడి గోనెసంచి మీద పరిచి ఉంచేది. అయినా సూది గుచ్చిన ప్రతి పువ్వూ కొంచెం పాలు విడుస్తూనే ఉంటుంది. గుచ్చిన దండలను నేల మీద పెట్టకూడదు కనక ఎడమ భుజం మీద వేసుకునేది. పని ముగిసేసరికి ఆ భుజం మీద అయిదారు దండలు వేలాడుతూ ఉండేవి.

వాళ్లది ఒకప్పుడు బర్రెలున్న ఇల్లు. భర్త యాదగిరి పాలు పోసేవాడు. నేను రావడానికి కొద్ది నెలల ముందు ఆయన పోతే బర్రెలను అమ్మేసింది. పిల్లలు లేరు. అత్తగారు చేసి వదిలేసిన దండల పనిని ఆయన ఉండగానే పట్టుకుంది, ఇప్పుడు అదే ఆధారం. "అప్పుడు బర్రె పాలు, ఇప్పుడు జిల్లేడు పాలు. నా బతుకంత పాల దందనే. అవి తాగితె బలమొస్తది, ఇవి తాగితె పాడె వస్తది" అనేది.

నేను ఆమెకు మొదట చేసిన పని గొళ్లెం తీయడం. రెండో పని మొహం తుడవడం. రెండో శుక్రవారం అనుకుంటాను, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వాకిట్లో కూర్చుని దండ గుచ్చుతోంది. ఎండాకాలం. కనుబొమ్మల మీద చెమట నిలిచి ఉంది. తల ఒకసారి విదిల్చింది, మళ్లీ విదిల్చింది. నన్ను చూసి, "సరళా, దండెం మీద తువ్వాల ఉన్నది. జర నా మొహం తుడువు" అంది.

నేను వెంటనే కదలలేకపోయాను. అమ్మ ఆఖరి వారంలో అమ్మ మొహం తుడిచాను. ఆ తర్వాత ఇంకో మనిషిని ముట్టుకోలేదు. బస్సులో టికెట్టు తీసుకునేటప్పుడు కండక్టరు వేలు తగలడం తప్ప నన్నూ ఎవరూ ముట్టుకోలేదు. తువ్వాలు తెచ్చి నుదుటి మీద అద్దాను.

"గట్ల పువ్వును ముట్టినట్టు ముడితె చెమట పోతదా? గట్టిగ తుడువు. ఎడమ కన్ను మీద దురద పెడుతున్నది. కనుబొమ్మ పైన. ఇంక జర కిందికి. ఆఁ, గాడనే." కళ్లు మూసుకుని హాయిగా నిట్టూర్చింది. "మా ఆయన తుడిస్తె ముక్కు ఊడొచ్చేది. బర్రెను కడిగినట్టు కడుగుతుండె. నీ చెయ్యి మంచిగున్నది."

ఆమె నవ్వింది. నాకు ఏడుపు వచ్చింది. తువ్వాలు ఉతికే నెపంతో పంపు దగ్గరికి వెళ్లాను.

ఆ తర్వాత ఏడేళ్లు ప్రతి సోమవారం, ప్రతి శుక్రవారం సాయంత్రం అది నా పని. ఆమె గుచ్చుతుంటే పక్కన స్టూలు మీద పుస్తకం పెట్టుకుని కూర్చునేదాన్ని. చెమట తుడవడం, మొహం మీద పడిన వెంట్రుకలు చెవి వెనక్కి తోయడం, గ్లాసు పెదవులకు అందించడం. మేము పెద్దగా కబుర్లు చెప్పుకున్నది లేదు. నేను ఎందుకు ఒంటరిగా ఉన్నానని ఆమె ఎన్నడూ అడగలేదు. మా బంధువులందరూ అడిగిన ప్రశ్న అది. ఆమె "ఏం చదువుతున్నవ్?" అని మాత్రం అడిగేది. నేను చెప్పేదాన్ని. నచ్చితే "మల్ల చెప్పు" అనేది.

జిల్లేడు ఉన్న ఇంటికి మందు కోసం కూడా మనుషులు వస్తారు. మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కువ. బాలమణమ్మ పండబారని ఆకు చూసి తెంపి, తొడిమ నుంచి పాలు కారిపోయేదాకా తలకిందులుగా పట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆముదం రాసి పెనం మీద వెచ్చజేసి ఇచ్చేది. దాన్ని మోకాలికి కట్టుకుంటే నొప్పి తగ్గిందని చాలామంది చెప్పారు. ఆకు వల్ల తగ్గిందో వెచ్చదనం వల్ల తగ్గిందో నాకు తెలియదు. ఆమె కూడా తెలుసునని చెప్పలేదు. "తగ్గితె మంచిదే, తగ్గకుంటె దవాఖానకు పో" అనేది. కానీ ఇచ్చేముందు చాలా అడిగేది. చర్మం పగిలి ఉందా, షుగరు ఉందా, ఇంట్లో చిన్నపిల్లలు ఆకును ముట్టే వీలుందా. కట్టిన చోట దురద వచ్చినా ఎర్రబడినా వెంటనే విప్పి కడగమనేది. అరికాల్లో ముల్లు విరిగితే ఒక్క చుక్క పాలు పెట్టేది, అది కూడా తన చేత్తోనే. నోటికి, చెవికి, కంటికి మాత్రం ఎంత బతిమాలినా ఇవ్వదు. కడుపులోకి పోయేది తన దగ్గర ఏమీ లేదని మొహం మీదే చెప్పేది.

మా వీధి చివర ఉండే ఆటో సలీం ఒకసారి పంటి నొప్పితో దవడ పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, దాంత్ మే బహుత్ దర్ద్. ఒక్క చుక్క జిల్లేడు పాలు పెట్టు. మా నానీ గట్లనే పెట్టుకునేది."

"మీ నానీకి పండ్లు ఎన్ని ఉండె?"

సలీం అమ్మమ్మను గుర్తు చేసుకున్నాడు. "నేను చూసినప్పటికి ఏం లేకుండె."

"మరి! పాలు నాలుకకు తగిలితె నోరంత పొక్కుతది. రేపు ప్యాసింజరు చార్మినార్ అంటె నువ్వు చేతులతోని సైగ చేస్తవా? పండ్ల దవాఖానకు పో భాయ్. భయమైతె సరళను తోలుకపో."

సలీం నిజంగానే భయపడ్డాడు. నేను వెంట వెళ్లాను. పన్ను పీకేటప్పుడు నా చెయ్యి పట్టుకోవడానికి సిగ్గుపడి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. ఆ వీధిలో నన్ను "మేడమ్" అని పిలిచి, తన నంబరు నాకిచ్చి, నాది తీసుకున్న మొదటి మనిషి అతనే.

ఒక ఆదివారం కోఠీలో పాత పుస్తకాల దగ్గర మొక్కల మీద ఒక పుస్తకం దొరికింది. జిల్లేడు గురించి నాలుగు పేజీలున్నాయి. తర్వాతి సోమవారం ఆమెకు చదివి వినిపించాను. పాలు కంట్లో పడితే కంటి పైపొర లోపలి నుంచి ఉబ్బుతుందని, చూపు మసకబారుతుందని, తరచుగా నొప్పి ఉండదని రాసి ఉంది. ఆమె సూది ఆపింది.

"నొప్పి ఉండదని గూడ రాసిండ్రా?"

"రాశారు పెద్దమ్మా."

"అయితె రాసినోళ్లకు తెలుసు." కాసేపు మళ్లీ గుచ్చింది. తర్వాత చెప్పింది. "మా అత్త కన్ను గట్లనే పోయింది. నొస్తె మనిషి ఉరుకుతడు. ఇది నొయ్యదు. పొద్దుగూకి దీపం పెడితె మంట సుట్టు రంగుల సున్న కనవడ్డదట. దేవుడు కనవడ్డడనుకున్నది. వారం రోజులు గులాబ్ జల్ పోసుకుంట ఇంట్లనే కూసున్నది. దవాఖానల, గీ వారం ఏం చేసిండ్రు అన్నరు." అప్పుడు అర్థమైంది, ఆ అంటు పద్ధతి ఆచారం కాదని. దేవుడి పూలు కనక శుద్ధి అనుకునేదాన్ని. ఒక కన్ను పోయిన ఇంట్లో కోడలు తనకు తానే వేసుకున్న కట్టు అది. జాగ్రత్త అని చెప్తే మనుషులు మరిచిపోతారు, అంటు అంటే మరిచిపోరు. అందుకే ఆ మాట వాడింది.

ఏడేళ్ల తర్వాత నాకు క్వార్టరు వచ్చింది. కర్మాగారానికి నడిచి వెళ్లేంత దూరం, నీళ్లకు ఇబ్బంది లేదు. అయినా పది రోజులు ఆమెకు చెప్పలేదు. చెప్పిన రోజు ఆమె సంతోషపడింది, లేదా అలా కనిపించింది. "మస్తు మంచిగయింది. రెండు బస్సులు మారే బాధ తప్పింది" అంది. శుక్రవారాలు వస్తానన్నాను. "ఫికర్ చెయ్యకు. నువ్వు రాకముందు నేను బతకలేదా?" అంది.

మొదటి ఏడాది దాదాపు ప్రతి శుక్రవారం వెళ్లాను. రెండో ఏడాది నెలకు ఒకసారి. తర్వాత పండగలకు, మధ్యలో ఫోన్లు. కారణం చెప్పమంటే నా దగ్గర పెద్ద కారణం లేదు. పని పెరిగింది నిజమే. కానీ ఎవరూ నన్ను ఆపలేదు. సాయంత్రం గదికి వచ్చి తలుపు వేసుకుంటే మళ్లీ తెరవాలనిపించేది కాదు. ఒంటరిగా ఉండేవాళ్లకు ఆ అలవాటు తొందరగా వస్తుంది. బయటికి వెళ్తే బాగుంటుందని తెలిసీ వెళ్లరు.

ఒకసారి డ్యూటీలో ఉండగా ఫోన్ చేసింది. కౌంటరు ముందు పదిమంది ఉన్నారు. ఒక చేత్తో చీటీలు రాస్తూనే మాట్లాడాను. మాటల మధ్య, "మొహం ఎవరు తుడుస్తున్నారు పెద్దమ్మా?" అని అడిగాను.

"ఎవరు తుడుస్తరు? భుజానికి రాసుకుంటున్న. కోడి ముక్కు రాసుకున్నట్టు."

నవ్వాను. "జాగ్రత్త పెద్దమ్మా" అని పెట్టేశాను. ఆ భుజం మీద ఏముంటుందో నాకు తెలుసు. ఏడేళ్లు ఆ భుజం పక్కన కూర్చున్నాను. అయినా ఆ మాట నా చెవిలో పడి, లోపలికి వెళ్లలేదు.

తర్వాత రెండు నెలలకు, ఒక బుధవారం మధ్యాహ్నం సలీం ఫోన్ చేశాడు.

"మేడమ్, మీరు జర వస్తరా? అమ్మ గేటు గొళ్లెం కోసం తడుముతున్నది. నేను పోయి తీసిన. ఏమైంది అమ్మా అంటె ఎండకు కండ్లు చెదిరినయంటది. ఎండ యాడుంది మేడమ్? మబ్బు పట్టి ఉన్నది."

వెళ్లేసరికి బాలమణమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. వేళ్లతో ఏరుతోంది. చూపు చేట మీద లేదు. ఆమె ఎడమ కంటికి ఎప్పటి నుంచో శుక్లం. సూదిలో దారం ఎక్కించేది కుడి కంటితోనే. ఆ కుడి కంటి నల్లగుడ్డు మీద ఇప్పుడు పలచటి పొగ పట్టినట్టు ఉంది.

"ఎప్పటి నుంచి పెద్దమ్మా?"

"ఏంది ఎప్పటినుంచి? వచ్చినదానివి కూసోరాదు. చాయ పెడత."

"ఎప్పటి నుంచి?"

చేట పక్కన పెట్టింది. "శనివారం."

"చేత్తో రుద్దుకున్నావా?"

ఆమెకు కోపం వచ్చింది. నా మీద కోపపడడం అదొక్కసారే. "నా చెయ్యా? నా చెయ్యి నా మొహం మీదికి పోతదా? ముప్పై ఏండ్ల సంది పోలేదు. నీకు తెల్వదా?"

నాకు తెలుసు. ఆమె వేసుకున్న రవికె ఎడమ భుజం చూశాను. ఎండిన పాల మరకలు గోధుమ రంగులో, అట్టలు కట్టి ఉన్నాయి. కొన్ని ఇంకా జిగటగా ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం దండలు ఆ భుజం మీద ఉన్నాయి. చెమట కంట్లోకి కారింది. ఆమె మొహం పక్కకు తిప్పి భుజానికి రాసుకుంది. చేతులను అంత కాపాడుకున్న మనిషికి, భుజం కూడా అంటేనని తోచలేదు. ఎందుకంటే ఆ భుజం ఎప్పుడూ ఆమె మొహానికి అవసరం పడలేదు. మొదట ఆయన ఉన్నాడు, తర్వాత నేను ఉన్నాను.

"నీకు తెలుసు కదా పెద్దమ్మా. నొప్పి లేకపోతేనే ఉరకాలని నువ్వే చెప్పావు. అయిదు రోజులు ఎందుకు ఊరుకున్నావు?"

"తెలుసు. నొస్తె నీకు ఫోన్ చేద్దును బిడ్డా. నొయ్యకుంటె ఏమని చెయ్యాలె? ఊకెనే చేసినట్టుంటది."

ఆమె చెయ్యి పట్టుకుని లేపాను.

సలీం ఆటోలో కంటి దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరమ్మ చిన్న వయసు. దీపం వేసి చూస్తూ, కంట్లో ఏమైనా పడిందా, ఏమైనా వేసుకున్నారా అని అడిగింది. బాలమణమ్మ తొణక్కుండా, "ఏం లేదమ్మా. దుమ్ము వడ్డది" అంది. వీధి వీధంతా ఆమె దగ్గరికి వచ్చి జాగ్రత్తలు చెప్పించుకుంది. ఆ మనిషి ఇప్పుడు ఈ గదిలో జిల్లేడు అన్న మాట ఎలా అంటుంది? ఆ సిగ్గు నాకు అర్థమైంది. ఆమె గుట్టు కాపాడాలో, కన్ను కాపాడాలో తేల్చుకోవడానికి నాకు నిజంగానే కొంత సమయం పట్టింది. తర్వాత చెప్పాను. "జిల్లేడు పాలు, డాక్టర్ గారూ. శుక్రవారం సాయంత్రం."

బాలమణమ్మ నా గొంతు వైపు తల తిప్పి, మళ్లీ దించుకుంది.

"జిల్లేడు పాలా? కంట్లో పోసుకున్నారా? ఎవరు చెప్తారమ్మా మీకు ఇలాంటివి, ఎన్నిసార్లు చెప్పినా..." డాక్టరమ్మ గొంతు పెరిగింది. నేను సాధారణంగా డాక్టర్లకు అడ్డు చెప్పను. ఉద్యోగం నేర్పిన వినయం. ఆ రోజు చెప్పాను. "పోసుకోలేదండీ. దండలు గుచ్చుతుంటే తగిలింది. ఇంకొకరి కంట్లో పడకుండా ముప్పై ఏళ్లు చూసుకున్న మనిషి. తిట్టకండి. తిట్టకపోతే ఎలా తగిలిందో ఆమే చెప్తుంది."

డాక్టరమ్మ ఆగింది. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "చెప్పమ్మా" అంది. బాలమణమ్మ చిన్న గొంతుతో, భుజం సంగతి, రంగుల సున్న సంగతి, తనకు తెలిసీ ఊరుకున్న సంగతి, అన్నీ చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంది. ఆ రోజు రాత్రే వచ్చి ఉంటే చాలా వరకు బాగయ్యేదని, ఇప్పుడు ఎంత వస్తే అంత అని చెప్పింది.

చుక్కలు వేశాం. మొదటి నెల నేను జహనుమాలోనే ఉండి డ్యూటీకి వెళ్లాను. పొగ కొంత తగ్గింది. మనిషిని ఆకారంతో పోల్చుకునేంత చూపు వచ్చింది. సూది బెజ్జం కనిపించేంత రాలేదు. ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాక ఇంట్లో పనులు చేసుకోగలిగింది కానీ దండలు మళ్లీ గుచ్చలేదు. నా క్వార్టరుకు రమ్మన్నాను. "నా గొళ్లెం నాకు తెలుసు. మీ దాంట్ల ఏది యాడుందో ఎప్పుడు నేర్చుకోవాలె?" అని రాలేదు. ఆ తర్వాత మూడేళ్లు ఉంది. నేను ప్రతి శుక్రవారం వెళ్లాను, ఒక్కటి కూడా తప్పకుండా. చేతులు శుభ్రంగా ఉన్న మనిషి పక్కన నాకు చేయడానికి పనేమీ ఉండేది కాదు. పుస్తకం చదివి వినిపించేదాన్ని. ఒకసారి మధ్యలో ఆపి ఆమె అంది, "నువ్వు ఆ డాక్టరమ్మకు చెప్పినప్పుడు నీ మీద మస్తు కోపమొచ్చింది. ఆమె తిట్టబోతె నువ్వు ఆపినవ్ సూడు, అప్పుడు పోయింది." క్షమించానని ఆమె అనలేదు. నేను ఎగ్గొట్టిన శుక్రవారాలను కూడా క్షమించిందా అని నేను అడగలేదు. పోయిన డిసెంబరులో నిద్రలోనే పోయింది. ధూల్‌పేట్ నుంచి ఆమె తమ్ముడి కుటుంబం వచ్చి అన్నీ జరిపించింది. నేను వాకిట్లో నిలబడ్డాను. నేను ఆమెకు ఏమవుతానని అడిగినవాళ్లకు "కిరాయిదారును" అని చెప్పాను. అంతకంటే పొడుగు మాట నోటికి రాలేదు.

మా డిస్పెన్సరీ కౌంటరు దగ్గర నేను ఇప్పటికీ చీటీలు రాస్తాను. పేరు, విభాగం, ఏం బాధ. నొప్పి ఉన్నవాళ్లను ముందు పంపడం, లేనివాళ్లను కూర్చోమనడం మా అందరి అలవాటు. ఆ అలవాటు నేను మానుకున్నాను. నొప్పి లేదన్నవాళ్లను ఇంకో మాట అడుగుతాను. ఇంట్లో ఏం పెట్టుకుని వచ్చారని అడుగుతాను. తిట్టనని ముందే చెప్తాను. చాలామంది అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్తారు. పసుపు, సున్నం, ఆకు పసరు, పెట్రోలు. అది చీటీ మీద రాసి లోపలికి పంపుతాను. ఆ తర్వాత, ఇంటి దగ్గర ఎవరున్నారని అడుగుతాను. ఆ ప్రశ్నకు చీటీలో గడి లేదు. వెనక వైపు రాస్తాను.

పోయిన వారం కాంట్రాక్టు పనిచేసే స్వీపరమ్మ వచ్చింది. చెయ్యి తిమ్మిరి, నొప్పేం లేదంది. ఇంట్లో ఎవరున్నారని అడిగితే, "ఎవరుంటరు మేడమ్" అని నవ్వి, "మీ ఇంట్ల ఎవరున్నరు?" అని తిరిగి అడిగింది. ఇదివరకు ఆ ప్రశ్నకు నేను అక్కయ్య పిల్లలనో, ఊళ్లో బంధువులనో చెప్పేదాన్ని. నాకు అక్కయ్య లేదు.

"ఎవరూ లేరమ్మా. ఒక్కదాన్నే" అన్నాను.

ఆమె తలూపింది. జాలి పడలేదు. వెనక వరుసలో ఉన్నవాళ్లు తొందరపడుతుంటే, చీటీ తీసుకుని లోపలికి వెళ్లింది.